మంత్రిగారి మూడు తీగలు

కోటల్లోకి కూడా కంప్యూటర్లు దిగిన కాలమది. రాజుగారి కోటకూ, ఏటి అవతలి బురుజుకూ మధ్య తీగ ఒకటే, దాని రెండు కొసలా కబుర్లు అందుకుని పంపే స్విచ్ పెట్టెలు. వంటశాల, ఖజానా, సైన్యం కబుర్లన్నీ అందులోనే పోయి అందరి తెరల మీదా పడేవి.

"మూడు శాఖలకూ మూడు తీగలు! వాటిని పాతడానికి మూడు కాలవలు తవ్వండి!" అన్నాడు మంత్రి దండపాణి. ఆ కాలవలు పోయేది బట్టలుతికే మాచమ్మ గుడిసె మీదుగా.

మాచమ్మ పరుగున సభకొచ్చింది. రాజుగారి ముందు నిలబడి గొంతెత్తింది.

"మహాప్రభో, మంత్రిగారి పంచే, వంటవాడి పంచే ఒకే మూటలో కట్టి ఒకే ఏట్లో ఉతుకుతున్నాను. మంత్రిగారి మాటే ధర్మమైతే ఇంటికో ఏరు తవ్వించాలి మరి!"

"ఒసే, ఎవరి బట్టకు వాళ్ళ గుర్తు జీడిగింజతో వేస్తావు కదే! కబుర్లకేముంది?" మంత్రి కసిరాడు.

"అదే వెయ్యించండి దొరా! ఈ కొస పెట్టె ప్రతి కబురుకూ దాని శాఖ గుర్తు వేస్తుంది. ఆ కొస పెట్టె గుర్తు చూసి ఆ శాఖ గడపలోనే దింపుతుంది. తీగ ఒకటే, ఇళ్ళు మూడు!"

రాజు చప్పట్లు కొట్టి లేచాడు. సాయంత్రానికల్లా పెట్టెలకు గుర్తులు నేర్పారు. వంటశాల పులుసు గొడవ సైన్యం చెవిన పడటం మానేసింది, గుడిసె నిలిచింది.

ఆ వారం మంత్రిగారి కొత్త పట్టుపంచెకు మాత్రం మాచమ్మ గుర్తు వెయ్యలేదు. అది వంటవాడి నడుముకెక్కి, దర్జాగా సభకొచ్చింది.