కనుమ మీద తూర్పు ముఖం

చుట్టూ ఉప్పునీళ్ళు, నడుమ మబ్బులకు ఆనుకున్న కొండ. ఆ దీవి తూర్పు ఒడ్డున ముత్యాలు అనే మేక ఉండేది. కూతురు పగడాలును పడమటి ఒడ్డుకిచ్చింది. తొలి కాన్పు, రేపో మాపో అని కాకి కబురు మోసుకొచ్చింది. ముత్యాలు శొంఠి, మిరియాలు దంచి, బెల్లంతో బాలింతకాయం ఉండలు కట్టి, మూట మెడకు తగిలించుకుంది. కొండ దాటాలి. ఎన్నడూ దాటింది లేదు. తన కాళ్ళకంత సత్తా ఉందా అని కొండ వంక చూసింది.

నక్క వంకయ్య ఎదురొచ్చాడు.

"నడిచే పోతావా వదినా? అడవి గార్డు వదిలేసిన మోటార్‌సైకిలు పాకలో పడుంది. నేను తోలతాగా!"

"నీకు తోలడం వచ్చా?"

"పుట్టినప్పటి నుంచీ."

"నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదట, ఇంత గాలివాన ఎన్నడూ ఎరగనందట" అని గొణిగాడు దున్న బండయ్య. అయినా అక్క కూతురి కాన్పని అతనూ కదిలాడు.

వంకయ్య ఇసకలో పుల్లతో గీతలు గీశాడు. "ఇది కొండ."

"ఇందాక అది సముద్రమన్నావుగా?"

"అప్పుడు పోటు మీదుంది."

ముత్యాలుకి అర్థం కాలేదు. అడగబోయి, తనకే తెలియదేమోనని ఊరుకుంది.

"మరి పెట్రోలు?" అన్నాడు బండయ్య.

"ఎందుకూ? ఎక్కేటప్పుడు మీరు తోస్తారు. దిగేటప్పుడు అదే దొర్లుతుంది."

"నువ్వు?"

"హ్యాండిలు పట్టుకోవద్దూ? అసలు కష్టమంతా అక్కడేగా."

"సీటు ఇద్దరికే ఉంది కదయ్యా" అంది ముత్యాలు.

"నువ్వు నా వెనక. బండయ్య నా పక్కన."

"పక్కన ఏముంది?"

"గాలి."

బండయ్య గాలి వంక చూశాడు. ముత్యాలు బండయ్య వంక చూసింది. లెక్క ఎక్కడో తప్పింది, ఎక్కడన్నది అందలేదు. అలా గీస్తూ చెరుపుతూ రెండు రోజులు గడిచాయి. కాకి మళ్ళీ వచ్చి, "నొప్పులు మొదలయ్యేట్టున్నాయి" అంది. ఇక ఆలోచించడం మానేసి ముత్యాలు తల వంచి బండికి ఆన్చింది.

దారి బత్తెం సంచీ వంకయ్య వీపుకెక్కింది. "ఆ కాయం మూట కూడా ఇటియ్యి వదినా, బరువు ముందుంటే బండి కుదురుగా ఉంటుంది."

"ఇది చెయ్యి మారకూడదు" అంది ముత్యాలు. ఆ ఒక్కటీ దానికి స్పష్టంగా తెలుసు.

తెల్లవారుజామున బయల్దేరి పొద్దు నడినెత్తికొచ్చేదాకా తోశారు. బండయ్య నోట నురగ. ముత్యాలు కొమ్ములు తిమ్మిరెక్కాయి. సీటు మీద వంకయ్య సంచీలో చెయ్యి పెట్టి, ఉడికిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కునికిపాట్లు పడ్డాడు.

కొండ దాటే కనుమ మీద దట్టమైన మంచు. ముక్కు ముందు ఏముందో కనపడదు.

"తమ్ముడూ, ఇప్పటిదాకా మనం తోసిన బండి. ఇక తనంత తాను ఉరుకుతుంది" అంది ముత్యాలు. "తొలి పరుగు కదా, తూర్పు ముఖం పెట్టి నిమ్మకాయలు తొక్కించకపోతే నా మనసు ఒప్పదు."

బండయ్య ఎక్కి వచ్చిన వైపుకే బండిని తిప్పి పెట్టాడు. అక్కడే ఉన్న అడవినిమ్మ నుంచి రెండు కాయలు రాల్చి చక్రాల కింద పెట్టాడు. ఆ కుదుపుకి వంకయ్య కళ్ళు తెరిచాడు.

"పూజ అయిందా? తొయ్యండి!"

"అన్నా, బండి ఇప్పుడు..."

"మాటలొద్దు వదినా!"

"అది కాదన్నా, ముఖం..."

"నా ముఖానికేం? పడమటి కోళ్ళకి ఈ ముఖం తెలీదు, అదే నా అదృష్టం! బరువెక్కువైతే బండి పల్టీ కొడుతుంది. మీరిద్దరూ నడిచి రండి. తొయ్యండి, ఊఁ!"

ముత్యాలు నోరు తెరిచింది. ఒక్క క్షణం తల తిరిగింది: తూర్పా, పడమరా, చెప్పాలా, వద్దా? సీటు చూసింది. పక్కన బండయ్యకిచ్చిన గాలి చూసింది. నోరు మూసుకుని, తల వంచి, ఉన్న బలమంతా పెట్టి తోసింది.

నిమ్మకాయలు చితికాయి. బండి మంచులో మాయమైంది. "ఆహా!" అన్న కేక "అమ్మో!"గా మారి, మలుపు మలుపుకీ చిన్నదైంది.

"అక్కా, అటు మన ఊరు కదా?" అన్నాడు బండయ్య.

"అవును. కూతురు ఇటు" అంది ముత్యాలు, నడక మొదలుపెడుతూ. ఇంతసేపూ కొండ ఎక్కింది తన కాళ్ళేనని దానికి అప్పుడు తట్టింది. పొద్దు వాలకముందే పగడాలు నోట్లో కాయం ఉండ పెట్టి, అప్పుడే లేచి నిలబడబోయి పడుతున్న మనవరాలిని నాకింది.

వంకయ్య బండి బురదలో దిగబడి ఆగింది. మొహం తుడుచుకుని, మీసం సవరించుకుని, ఎదురుగా ఉన్న కోళ్ళగూటికి తియ్యగా పలికాడు:

"పడమటి తల్లులారా! తీర్థయాత్రలు చేసి వస్తున్న శాకాహారిని. తలుపు తీస్తారా?"

లోపలి నుంచి ముసలి కోడిపెట్ట తొంగి చూసింది.

"ఏం వంకయ్యా, పొద్దున్నేగా వెళ్ళావు, అప్పుడే వచ్చేశావా?" అని, కుక్కను పిలిచింది.

తోసినవాళ్ళకి దారి తెలుస్తుంది. ఎక్కి కూర్చున్నవాడికి సీటే తెలుస్తుంది.