దొరగారి కన్నా ఎత్తులో

ఎప్పటి మాటో గానీ, ఒక ఊళ్ళో ఒక దొర ఉండేవాడు. తన తలకన్నా ఎత్తులో ఎవడూ ఉండకూడదని ఆయన శాసనం. ఉంటే గుండు కొట్టించి ఊళ్ళోంచి తరిమేసేవాడు.

ఒకరోజు రంగులేసే అప్పలకొండని పిలిపించాడు. మేడ చూరు వెంబడి వాననీళ్ళు పోయే పోత ఇనప కాలవలు తుప్పు పట్టిపోయాయి.

"వానలు పడకముందే వీటికి రంగెయ్యాలి. వెయ్యకపోతే నీకు గుండే!"

"నిచ్చెనెక్కాలి కదా బాబూ?"

"నాకన్నా పైకెక్కినా గుండే!"

అప్పలకొండ జుట్టు తడుముకున్నాడు. "అయితే తమరు ఇంటి కప్పు మీద కూర్చోండి బాబూ. నేనెంతెక్కినా తమరి కిందే ఉంటాను."

దొరకి ఆ మాట తెగ నచ్చేసింది. గబగబా ఎక్కి కూర్చున్నాడు. గొడుగు కూడా వద్దన్నాడు, అది తలకన్నా ఎత్తు కదా!

అప్పలకొండ తీరిగ్గా తుప్పు గీకాడు. మధ్యాహ్నానికి పెంకులు పెనంలా కాలాయి.

"ఒరేయ్, నేను దిగిపోతాన్రా!"

"తమరు దిగితే నేను పైనుంటాను బాబూ. నాకు గుండే!"

"అయితే నువ్వే ముందు దిగు!"

"పని ఆగిపోద్ది బాబూ. అప్పుడూ గుండే! ఇంకా మొదటి పూతే అయింది. ఇది ఆరాక ఇంకో రెండున్నాయి."

దొర పెంకు మీంచి పెంకు మీదకి గెంతుతూ ఊరంతా వినేలా అరిచాడు. "శాసనం రద్దు! ఎవడైనా ఎంతైనా ఎక్కండి! నన్ను మాత్రం దింపండి!"

ఆ సాయంత్రమే ఊళ్ళోవాళ్ళు కొబ్బరిచెట్లెక్కారు. అంతవరకూ కాయ దానంతటదే నెత్తిన పడేదాకా కిందే కూర్చునేవాళ్ళట, పాపం.