పదహారు తాళ్ల జడ

అప్పలనరసమ్మ ఏ ప్రశ్నకూ కూర్చుని జవాబు చెప్పేది కాదు. అడిగినవాళ్ల చేతిలో ఒక తాడు పెట్టి, "ముందు ఆడు" అనేది. మూతపడిన జనపనార మిల్లులో, ఒకప్పుడు బేళ్లు తూచిన షెడ్డు కింద, ఆమె ఆడవాళ్లకు జడకోలాటం నేర్పేది. ముప్పై ఏళ్లు అదే మిల్లులో మగ్గం నడిపింది. రెండు సమ్మెల్లో లాఠీ దెబ్బలు తింది. మాటల మీద ఆమెకు నమ్మకం పోయింది. మిల్లు గేటు దగ్గర యజమానులు ఇచ్చిన మాటలన్నీ ఏమయ్యాయో కళ్లారా చూసిన మనిషి.

షెడ్డు దూలానికి పదహారు రంగుతాళ్లు వేలాడుతుంటాయి. ఒక్కొక్కరూ ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకుంటారు. సగంమంది కుడికి, సగంమంది ఎడమకు తిరుగుతూ, ఎదురైనవారి కోలకు కోల తాకించి, ఒకరిని లోపలినుంచి, మరొకరిని బయటినుంచి దాటుతారు. పైన జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. ఒక్కరు ఒక్క మలుపు తప్పినా జడ ముడిపడుతుంది. అప్పుడు అందరూ వెనక్కి ఆడి విప్పుకోవాలి.

ఆ మలుపు తరచూ తప్పేది దమయంతి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మిగతావాళ్లు రాకముందే, షెడ్డు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి ఆమె అడిగింది: "గురువమ్మా, నాలాంటిదానికి నలుగురిలో చోటుందా? జాలిపడి ఇచ్చే చోటు కాదు. నాది అనుకునే చోటు."

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. దమయంతికి ముప్పై ఒకటి. చిన్నప్పటినుంచీ ఆమెది ఒక చోట నిలవని బుర్ర. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లో పిచికను చూస్తూ నిలబడిపోయేది. బడిలో గోడకుర్చీ వేయించారు. చీరల కొట్టులో పని పోయింది, ఇంకో కొట్టులోనూ పోయింది. నిరుడు విశాఖలో ఒక డాక్టరమ్మ గంటసేపు ఓపికగా విని, ఇది బద్ధకం కాదమ్మా, నీ మెదడు తీరే ఇంత, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు అని చెప్పి మాత్రలు రాసింది. అన్న వాటిని పిచ్చిమాత్రలని మురిక్కాలవలో పోశాడు.

రెండో సంగతి ఇంకా లోతైనది. ఇరవై రెండో ఏట పెళ్లి చేశారు. ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. భర్త చెడ్డవాడేం కాదు. ఆమెకు ఆ కోరికే పుట్టలేదు. అతని మీదనే కాదు, ఎవరి మీదా, ఎన్నడూ పుట్టలేదు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. ఎవడో ఉన్నాడన్నారు. చివరికి ఆడదే కాదన్నారు. ఇలాంటి మనుషులు వేరేచోట్ల కూడా ఉన్నారనీ, వాళ్లను అసెక్సువల్ అంటారనీ ఫోనులో నలభైమంది ఉన్న ఒక గుంపు ద్వారా తెలిసిన రోజున దమయంతి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆ నలభైమందీ తనవాళ్లే. కానీ ఫోను పక్కన పెడితే ఆ ఇంట్లో మళ్లీ తనొక్కతే.

ఇప్పుడు అన్న ఇంకో సంబంధం తెచ్చాడు. భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లలు. గురువారం వస్తారు. "ఇల్లూ పిల్లలూ మీద పడితే నిలకడ అదే వస్తాది" అన్నాడు అన్న. ఈ షెడ్డులో చోటుంటే కాదనాలని, ఇక్కడా లేకపోతే తల వంచేయాలని దమయంతి మనసులో గీత గీసుకుంది.

దమయంతి చెప్పుకున్నదంతా అప్పలనరసమ్మ విన్నది. లేచి, వేలాడుతున్న తాడొకటి అందుకుని ఆమె చేతిలో పెట్టింది.

అందరూ వచ్చారు. ఆట మొదలైంది. నాలుగో చుట్టులో జడ ముడిపడింది.

"మళ్లీ నువ్వేనా!" అని జగదాంబ కోల దించింది. ఆ జట్టులో అందరికంటే బాగా ఆడేది ఆమే. "గురువమ్మా, దీన్ని తీసెయ్యండి. మొగుడి దగ్గర ఎనిమిది నెలలు మించి నిలవనేదు, తాడు దగ్గర ఎనిమిది చుట్లు నిలుస్తాదా? లోపల ఏదో తక్కువ దీనికి. తక్కువున్నవాళ్లని పండక్కి ఆడిస్తే ఊరు నవ్వుతాది."

కొందరు నిజంగానే నవ్వారు.

"సరే," అన్నది అప్పలనరసమ్మ. "దమయంతీ, తాడు వదులు."

దమయంతి ఇది ఊహించలేదు. మిగతా లోకం అన్న మాటే గురువమ్మ నోట కూడా వచ్చింది. వేళ్లు విప్పింది. తాడు జారి ఊగుతూ ఉండిపోయింది. గోడ దగ్గరికి వెళ్లి నిలబడి, గురువారం కట్టుకోవాల్సిన చీర గురించి ఆలోచించడానికి ప్రయత్నించింది. దాని మీద కూడా ధ్యాస నిలవలేదు.

"పదిహేనుమందికి జోడు కుదరదు. ఇంకెవరు వదులుతారు?" అని అడిగింది గురువమ్మ.

ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి పోలమ్మ తన తాడు వదిలేసింది. అరవై దాటిన మనిషి, మిల్లులో దారం వడికిన చెయ్యి.

"ఇప్పుడు ముడిపడింది నా మూలంగానే," అన్నది తల దించుకుని. "మిల్లు రొదకి నా చెవులు ఎప్పుడో సగం పోయాయి. మాటలైతే పెదాలు చూసి పోల్చుకుంటాను. నాకు తాళం వినపడదు. ఎదురొచ్చినవాళ్ల కాళ్లు చూసి ఆడతాను. పోయిన వారం కూడా నేనే. మీరంతా దమయంతి పేరు చెప్పారు, నేను నోరు మూసుకున్నాను."

"అయితే జోడు కుదిరింది," అన్నది జగదాంబ. "ఇద్దరూ పొండి!"

పద్నాలుగుమందితో ఆడారు. మూడో చుట్టులో ముడి. ఈసారి తప్పింది బిడ్డను జ్వరంతో ఇంట్లో వదిలి వచ్చిన ఒక తల్లి.

"ఇప్పుడెవరిని తీద్దాం?" అన్నది అప్పలనరసమ్మ, ఇవాళ ఏం కూర వండుదాం అన్నట్టుగా.

ఆ తల్లి వెళ్లి గోడకు ఆనుకుంది. ఆమె జోడూ వెళ్లింది. పన్నెండుమంది. మళ్లీ ముడి. ఈసారి ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఏమవుతుందో అందరూ చూశారు కదా. ఇక వేళ్లు ఒకరివైపు ఒకరు చూపించుకోవడం మొదలైంది. దీని మొగుడు రోజూ తంతాడు, కుంటుకుంటూ వచ్చి ఇదేం ఆడతాది అని ఒకరు. దాని కూతురు లేచిపోయింది, మనసెక్కడుంటాది అని ఒకరు. ఏళ్ల తరబడి చీర కొంగున మూటగట్టి దాచుకున్నవన్నీ ఆ సిమెంటు నేల మీద పడ్డాయి. నవ్వినవాళ్ల ఇళ్లలో కూడా ఏడుపే ఉందని ఆ మధ్యాహ్నం బయటపడింది.

"నీ కొడుకు జైల్లో ఉన్నాడు కదే జగదాంబా," అని ఎవరో అరిచారు. "నువ్వు కళ్లు ఉబ్బించుకుని ఎందుకొస్తావో మాకు తెలీదేటి?"

జగదాంబ కోల నేలకేసి కొట్టి వెళ్లిపోయింది. ఆమె వెంట ఐదుగురు వెళ్లారు. అప్పలనరసమ్మ ఆపలేదు. గురువమ్మ కళ్లు తడిసి ఉండటం దమయంతి ఒక్కతే చూసింది.

మిగిలినవాళ్లు ఆరుగురు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. చివరికి చిట్టెమ్మ అనే ఆమె గొంతు సవరించుకుని గోడవైపు తిరిగింది.

"ఆరు తాళ్ల జడ ఎలుకతోకలా ఉంటాది. మీరు నలుగురూ అలా అతుక్కుపోయారేటి? రండి."

ప్రేమతో పిలిచిందని చెబితే అబద్ధం. సిగ్గుపడి పిలిచింది, అవసరపడి పిలిచింది. ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగలేదు. పోలమ్మ మాత్రం దమయంతి రెక్క పట్టుకుని తన ఎదుట నిలబెట్టుకుంది.

"ఇదిగో గుంటా. నా చెవి పనిచెయ్యదు, నీ ధ్యాస నిలవదు. మలుపు వచ్చినప్పుడల్లా నేను నీ పేరు పెట్టి అరుస్తాను. నువ్వు నా కోల మీద గట్టిగా కొట్టు. ఆ అదురు నా చేతికి తెలుస్తాది."

"అప్పుడూ తప్పితే?"

"తప్పుతావులే. నేనూ తప్పుతాను. వెనక్కి ఆడదాం."

ఆ సాయంత్రం రెండుసార్లు ముడిపడింది. రెండుసార్లూ వెనక్కి ఆడారు. ఎవరు తప్పారని ఎవరూ అడగలేదు.

గురువారం వచ్చినవాళ్ల ముందే దమయంతి కాదన్నది. వాళ్లు వెళ్లాక అన్న చెయ్యి లేచింది. ఆమె బట్టలు వీధిలో పడ్డాయి. వాటిని ఏరి ఒక సంచిలో కుక్కుకుని, వాచిన చెంపతో, ఆమె నేరుగా షెడ్డుకు వచ్చింది. చిట్టెమ్మ గుడ్డ తడిపి చెంపకు అద్దింది. పోలమ్మ ఆ సంచి లాక్కుని తన చంకన పెట్టుకుంది.

"మా ఇంట్లో చాపుంది. కప్పు మాత్రం కారుతాది, ముందే చెబుతున్నాను."

"నా సంగతంతా నీకు తెలుసు కదా పిన్నీ," అన్నది దమయంతి. "పెళ్లి వద్దన్నది, మొగుడి సంగతి..."

"అదా? నాకు బోధపడనేదే అమ్మా. బోధపడకపోతే ఏటి, పెట్టిన అన్నం అరగదా నీకు?"

దమయంతికి నవ్వు వచ్చింది. చెంప మండి ఆగిపోయింది. జగదాంబ వేరే జట్టు కట్టిందనీ, వాళ్లిక రారనీ ఎవరో చెప్పారు. దమయంతి బల్ల ఎక్కి, దూలానికి వేలాడుతున్న వాళ్ల ఆరు తాళ్లు విప్పబోయింది.

"విప్పకు," అన్నది అప్పలనరసమ్మ. "చివర్లు కలిపి పక్కకు కట్టు. రేపు వాళ్లనీ ఎక్కడో ఎవరో తాడు వదలమంటారు."