కొలిచినవాడికి కొదవ లేదు

అనగనగా ఒక ఊళ్ళో కూర్మయ్య అనే కుర్రాడి దగ్గర ఏడు మానికల చోళ్ళు ఉండేవి.

చోళ్ళంటే రాగులే తల్లీ. పొద్దున్నే మూతికి మీసాలు వచ్చేలా తాగావే, ఆ అంబలి గింజలు. ఏడు అని కథ కోసం అన్నాను గానీ, గింజలు కొలిచేటప్పుడు ఏడు అనకూడదు. ఎవరినో ఏడవమన్నట్టు ఉంటుందని ఆరున్నొకటి అంటారు. ఒకటి అని కూడా అనరు. మొదటి మానికకు 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, అలా.

కూర్మయ్య మాత్రం ఒకటి అనే అనేవాడు. "లాభం అంకె కాదమ్మా. దాన్ని దేంతో కూడాలి? దేంట్లోంచి తియ్యాలి?" అని తల్లి ఆదెమ్మతో వాదించేవాడు. వాడికి లెక్కలంటే అంత ప్రాణం. ఎవరింట్లో పెళ్ళయినా విస్తళ్ళు ఎన్ని కుట్టాలో వాణ్ణే అడిగేవాళ్ళు. వాడు చెప్పాక ఒక్క విస్తరి మిగిలేది కాదు, ఒక్కటి చాలకపోయేది కాదు.

వాళ్ళది కొండ కింద ఊరు. నలభై గడపలు. ఇంటికో మెట్ట చెక్క, అంటే వాన నీళ్ళతో పండే చిన్న పొలం. రెండేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. మొదటి ఏడాది గాదెల్లో ఉన్నది తిన్నారు. రెండో ఏడాది దుంపలు తవ్వుకుని తిన్నారు. ఆ తర్వాత, తినకూడనిది తిన్నారు. విత్తనాలు తినేశారు.

కూర్మయ్య మాత్రం ఏడు మానికలు పక్కకు తీసి, వేపాకూ బూడిదా కలిపి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి అటక మీద దాచాడు. వాడి చెక్కలో చల్లడానికి సరిగ్గా ఏడు మానికలు కావాలి. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

ఊళ్ళో మిగతా వాళ్ళంతా మూటలు కట్టుకుంటున్నారు. అమావాస్య నాటికి తలుపులకు గొలుసులు పెట్టి, పిల్లల్ని చంకనేసుకుని, కూలి దొరికే చోటు వెతుక్కుంటూ పోదామనుకున్నారు.

అప్పుడు, వెళ్ళేముందు ఊరి అమ్మవారు మెట్టలమ్మకు ఒక్కసారి మొక్కుకుందామని అందరూ పొద్దున్నే గుడి దగ్గరికి చేరారు. మేక లేదు, కోడి లేదు. పసుపు నీళ్ళు పోసి దండం పెట్టారు. అప్పుడు సన్యాసమ్మ ఊగిపోయింది. ఆమె ఆ ఊరి గణాచారి. అమ్మవారు పూనినప్పుడు అమ్మ మాటను తన నోటితో చెప్పే మనిషన్నమాట.

"ఒరే కూర్మా. నీ ఇంట ఉన్నదాంతో నలభై గడపలూ పండుతాయి. కొలిచినవాడికి కొదవ లేదు."

అంతే. ఆ మాట చెప్పి సన్యాసమ్మ కూలబడిపోయింది. అందరి మొహాలూ కూర్మయ్య వైపు తిరిగాయి. అటక మీద కుండ సంగతి మెట్టలమ్మకెలా తెలిసింది? ఆ భయం ఒక పక్క. ఇంకో పక్క వాడి బుర్ర తన పని తను చేసుకుపోతోంది. గడపకు ఏడు చొప్పున నలభై గడపలకు రెండు వందల ఎనభై మానికలు. ఉన్నవి ఏడు. వాడి గొంతులోంచి చిన్న నవ్వు జారిపోయింది.

"అమ్మ మాటకు నవ్వుతావేట్రా?" అన్నాడు ఊరి పెద్ద దాలినాయుడు.

"నవ్వలేదు మావా. తీసివేత చేశాను. ఇంట్లో ఉన్నవి ఏడు మానికల విత్తనాలే. రెండు వందల డెబ్భై మూడు తక్కువ."

దాలినాయుడు మంచివాడే. కోప్పడలేదు. "గింజలు నీవి. ఇస్తావో, నీ చెక్కలో చల్లుకుంటావో నీ ఇష్టం. అమావాస్య దాకా చూస్తాం" అన్నాడు.

అమావాస్యకు తొమ్మిది రోజులుంది.

కూర్మయ్య ఇంటికి వచ్చి అటక ఎక్కాడు. మెట్టలమ్మ కొలవమంది కదా, కొలుద్దాం అనుకున్నాడు. కుండ దించి, మట్టి చెక్కి, కొలిచాడు. ఏడు.

ఇక్కడే ఉంది తల్లీ చిక్కంతా. కొలవడమంటే మానికతో కొలవడం ఒకటి. దండం పెట్టి దేవుణ్ణి కొలవడం ఇంకొకటి. ఊరందరికీ రెండోది వినబడింది. వీడొక్కడికే మొదటిది వినబడింది.

ఊరివాళ్ళు మూడు రోజులు మెట్టలమ్మకు దీపాలు పెట్టారు. ఆ తర్వాత కూర్మయ్య మళ్ళీ కొలిచాడు. ఏడే.

అప్పుడు వాడికి ఉక్రోషం వచ్చింది. కుండ ముందు కూర్చుని, "అమ్మా, నీ మాట నిజమైతే తెల్లారేసరికి ఇవి ఎనిమిది చెయ్యి. రెండు వందల ఎనభై అడగడం లేదు. ఒక్కటి పెంచు చాలు, నమ్ముతాను" అన్నాడు. తెల్లారింది. మూడోసారి కొలిచాడు. ఆరున్నర వచ్చాయి.

"అమ్మా!" అని తల్లిని పిలిచాడు.

ఆదెమ్మ తిరగలి దగ్గర నుంచి లేవలేదు. "పక్కింటి గుంట ఆకలికి ఏడుస్తుంటే అర మానిక విసిరి అంబలి కాచి ఇచ్చాను. అయితే ఏటి? నీ లెక్క తప్పిపోయిందా?"

"రెండు వందల డెబ్భై మూడు తక్కువ ఉండేది. ఇప్పుడు రెండు వందల డెబ్భై మూడున్నర."

"అరకే వచ్చిందా ముప్పు?" అంది ఆదెమ్మ.

ఇక లాభం లేదని వాడు నేరుగా సన్యాసమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె పెరట్లో గొంతుక్కూర్చుని మిరప నారు నాటుకుంటోంది. పూనకం లేనప్పుడు ఆమె కూడా అందరిలాంటి ముసలమ్మే. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి.

"అత్తా, ఆవేళ అమ్మ ఏమంది? సరిగ్గా చెప్పు" అన్నాడు.

"నాకేం తెలుసురా? చెప్పింది నా నోరు, విన్నది మీ చెవులు. మధ్యలో నేను లేను. వచ్చావు కదా, ఆ నారు అందించు. వంగలేక చస్తున్నాను."

వాడు కూర్చున్నాడు. ఒక్కొక్క మొక్కా తీసి అందించడం మొదలుపెట్టాడు. చేతులు అందిస్తున్నాయి, నోరు ఊరికే ఉండదు కదా, లెక్కపెడుతోంది. అరవై మూడు, అరవై నాలుగు, అరవై అయిదు. పెరడు ఆ చివరి దాకా నిండింది.

"ఎన్ని గింజలు పోశావత్తా దీనికి?"

"ఎన్నేటి? ఒక్క కాయ. ఎండుమిరపకాయ ఒక్కటి చిదిమి పోశాను."

కూర్మయ్య చేతిలో మొక్క అలాగే ఉండిపోయింది. మిరపకాయకు నారు పోస్తాం. వంకాయకు నారు పోస్తాం. చోళ్ళను మాత్రం గుప్పిళ్ళతో చల్లుతాం. పిట్టలకు కొన్ని, చీమలకు కొన్ని, ఒకదాని మీద ఒకటి పడి చచ్చేవి కొన్ని. తాతలూ అంతే, ముత్తాతలూ అంతే. చోళ్ళకు నారు పోసినవాడు ఆ ఊళ్ళో లేడు.

అప్పుడు వాడు ఇంటికి పరుగెత్తి, కుండలోంచి ఒక చిటికెడు గింజలు తీసి, నేల మీద పోసి లెక్కపెట్టాడు. నూట ఇరవై. గిద్దెడుకు రెండు వందల చిటికెలు. మానికకు పదహారు గిద్దెలు. పుల్లతో నేల మీద గీసుకుంటూ పోయాడు. ఆరున్నర మానికలకు ఎన్ని గింజలో తెలుసా? ఇరవై అయిదు లక్షలకు నాలుగు వేలు మాత్రమే తక్కువ. మూరెడు దూరాన ఒక్కో మొక్క నాటితే, ఒక చెక్కకు నలభై వేలు చాలు. నలభై చెక్కలకు పదహారు లక్షలు. చచ్చేవి చచ్చినా సరిపోతాయి.

ఇన్నాళ్ళూ వాడు మానికలను కొలిచాడు, గింజలను కొలవలేదు.

ఇంత తెలిశాక సంతోషపడాలి కదా? ఆ రోజంతా వాడికి ముద్ద దిగలేదు. లెక్క కుదిరింది గానీ, లెక్క మొలవదు కదా. చోడి నారు పీకి నాటితే బతుకుతుందో లేదో ఎవరు చూశారు? చచ్చిపోతే నలభై చెక్కలతో పాటు వాడి చెక్క కూడా బీడే. సరిగ్గా చల్లుకుంటే వాడూ వాళ్ళమ్మా మాత్రం ఖాయంగా తింటారు.

రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు దాలినాయుడి దగ్గరికి వెళ్ళి చెప్పాడు. అప్పుడు ఊరంతా కలిసి, ఊట బావి పక్కన నారుమడి దున్నారు. మట్టి మెత్తగా నలిపారు. కూర్మయ్య కుండ ఎత్తుకుని వచ్చాడు.

సన్యాసమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "నడుముకేటిరా ఆ మూట?"

"రెండు మానికలు. మెట్టలమ్మ మాట తప్పితే మా అమ్మకుండాలి కదా."

ఆమె తిట్టలేదు. "ఉంచుకో నాయనా. ఆ రెండూ తీసేస్తే ఎన్ని గడపలు తగ్గుతాయో లెక్క చెప్పు. వాళ్ళకు మూట విప్పొద్దని చెప్పేద్దాం. పాపం, ఎండలో నిలబడ్డారు."

వాడికి లెక్క రాకపోతే బాగుండేది. కానీ వచ్చు కదా. పన్నెండు గడపలు. గట్టు మీద నిలబడ్డవాళ్ళను ఈ చివరి నుంచి ఎంచాడు. పన్నెండో గడప దగ్గరికి వచ్చేసరికి అక్కడ పక్కింటి గుంట ఉంది. దాని మూతికి ఆ పొద్దుటి అంబలి మీసం ఉంది.

వాడు మూట విప్పాడు. నమ్మి విప్పాడా అంటే, లేదు తల్లీ. అనుమానం గుండెల్లో అలాగే ఉంది. అనుమానాన్ని ఉంచుకుని మూట విప్పాడు. ఆరున్నరా మడిలో పడ్డాయి.

మూటలు కట్టుకున్నవాళ్ళు మూటలు విప్పారు. అమావాస్య వచ్చింది, పోయింది. ఎవరూ కదల్లేదు. తాగే నీళ్ళలోంచి ఇంటికి రెండు కుండలు తెచ్చి మడి తడిపేవాళ్ళు. మూడు రోజులు మడి నల్లగానే ఉంది. కూర్మయ్య గట్టు మీదే కూర్చుని, మనిషి నల్లబడిపోయాడు. అయిదో రోజు పొద్దున్న మడి మీద పచ్చటి నూగు కనబడింది. వాడు లెక్కపెట్టబోయాడు. కళ్ళలో నీళ్ళొచ్చి మొక్కలన్నీ కలిసిపోయాయి.

ఆ తర్వాత ఒకరోజు ఒక పెద్ద వాన పడింది. కొండ అవతలి ఊరివాళ్ళు అదే అదను అనుకుని ఉన్న గింజలన్నీ చల్లేశారు. ఆ వాన మళ్ళీ పన్నెండు రోజులు మొహం చూపలేదు. అక్కడ మొలిచినవన్నీ ఎండలో మాడిపోయాయి. ఇక్కడ మాత్రం కుండ నీళ్ళు తాగుతూ నారు జానెడు ఎదిగింది. అప్పుడు అసలు వాన వచ్చింది. ఇరవై ఒకటో రోజున ఊరంతా మోకాటి దాకా బట్టలు ఎగ్గట్టి, మూరెడు దూరాన ఒక్కో మొక్క, నలభై చెక్కలూ నాటేసింది. ఇంకా ఒక కట్ట మిగిలింది. దాన్ని సన్యాసమ్మ తన మిరప మొక్కల పక్కన గుచ్చుకుంది.

ఒంటి మొక్క కదా, చోటు దొరికి దుబ్బుకట్టింది. ఒక్కో మొక్కకు పిడికిలి బిగించినట్టు నాలుగైదు వెన్నులు. గాదెలు నిండాయి.

కుప్పలు నూర్చిన రోజు కూర్మయ్య సన్యాసమ్మ పక్కన చేరాడు. "అత్తా, ఈ లెక్కంతా మెట్టలమ్మ ముందే వేసుకుందంటావా?"

"అమ్మకు లెక్కలు రావురా. వస్తే నీ పేరెట్టి ఎందుకు పిలుస్తుంది?" అంది సన్యాసమ్మ.

కొండ అవతలి ఊళ్ళో విత్తనం గింజ లేదని అప్పటికే కబురొచ్చింది. అక్కడ అరవై గడపలు. ఎవరికీ కూర్మయ్య మొహం తెలియదు. చోళ్ళకు నారు పొయ్యమంటే నవ్వుతారు. వాడే నవ్వాడు కదా మొదట.

మర్నాడు పొద్దున్నే వాడు కొత్త గింజల ముందు కూర్చున్నాడు. ఆదెమ్మ గుడ్డ పట్టుకుంది. మానిక నింపి, గుడ్డలో పోసి, ఒక్క క్షణం ఆగాడు.

"లాభం" అన్నాడు.

ఆదెమ్మ వాడి మొహంలోకి చూసింది. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి. మూట కట్టి వాడి నెత్తిన పెట్టింది. "అరవై గడపలకు ఇవి చాలతాయేట్రా?" అంది.

"నాటే దూరం ఇంకాస్త పెంచాలి. దారిలో లెక్కేసుకుంటాను" అని, వాడు గడప మీద కాలు పెట్టాడు.

వాళ్ళు నవ్వారా, నమ్మారా అంటావా? కాలు ఇంకా గడప మీదే ఉంది కదమ్మా. రేపు పొద్దున్న అంబలి తాగేటప్పుడు నువ్వే చెబుదువుగాని.

గింజేమో మడికి,
గువ్వేమో గూటికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి.
ఇంట్లోనే ఉన్నాంగా? అయితే దుప్పట్లోకి.