తాళం గదిలో ఊ కొట్టినదెవరు

ఒరేయ్ ముకుందా, చెల్లెలు తడుముకుంటూ చదువుతోందని దాని చేతిలో పుస్తకం లాక్కుంటావా? సిగ్గులేదూ? ఇలా వచ్చి కూర్చో. అలాంటి పని చేసినవాడి సంగతి చెబుతాను. భయమేసినా మధ్యలో లేవకూడదు.

అనగనగా ఉప్పుటేటి ఒడ్డున ఒక పాలెం. పాలెంలో ఒక బడి, బడిలో ఒక గది, గదిలో ఒక పెట్టె, పెట్టెలో రాజుగారు పంపిన కథల పుస్తకాలు. జాలరి పిల్ల ఏనుగెక్కిన కథ, గుడ్డివాడు దయ్యాన్ని గెలిచిన కథ, కుంటిపిల్ల రాణి అయిన కథ. పిల్లలందరినీ చదువుకోమని పంపాడాయన. పంతులు కోనప్ప మాత్రం గదికి తాళం వేశాడు. వీళ్ళ చేతులు చేపల కంపు, వీళ్ళకి నోరు తిరగదు, కథలెందుకు, ఎక్కాలు చాలన్నాడు.

కాలీడ్చి నడిచే నూకాలు రోజూ వచ్చి, ఆ కుంటిపిల్ల ఏమైంది అయ్యగారూ అని అడిగేది. పెట్టె తెచ్చిన బంటు ఆ కథ మొదటి పుట చదివి వినిపించి పోయాడు మరి.

"ముందు నీ కాలు బాగుచేసుకురా, అప్పుడు చెబుతా" అనేవాడు కోనప్ప.

ఏమర్రా, ఊ కొట్టరేం? కథకి మనిషి ఊ కొట్టకపోతే ఇంకోటేదో కొడుతుందని మా అమ్మ చెప్పేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం కోనప్ప ఆ గదిలో దూరి, లోపల గడియ పెట్టుకుని, ఒక్కడే కథ పైకి చదువుకుంటున్నాడు. వెనకనుంచి ఎవరో ఊ అన్నారు. తిరిగి చూస్తే గోడ. ఇంకో ముక్క చదివాడు. ఊ. ఈసారి చెవి పక్కనే, తడి ఊపిరితో. పుస్తకం మూసేశాడు.

"తర్వాత?" అంది అది.

లేవబోతే మెడమీద చల్లటి చెయ్యి పడింది. ఆగితే బిగుస్తుంది, చదివితే సడలుతుంది. చదివాడు. పుట తర్వాత పుట, పుస్తకం తర్వాత పుస్తకం. గొంతు ఎండింది, గొంతు పగిలింది, గొంతులో నెత్తురు పడింది.

బయట ఆ ఊ విన్న పిల్లలు పారిపోదామన్నారు. నూకాలుకీ భయమే. అయినా కిటికీలోంచి చెయ్యి దూర్చి గడియ తీసింది. చదవండి అయ్యగారూ, మేం ఊ కొడతాం అంది. కోనప్ప నోరు తెరిచాడు, మాట రాలేదు. నూకాలే పుస్తకం అందుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఊ కొట్టారు. మనుషుల ఊ వినగానే ఆ చల్లటి చెయ్యి జారిపోయింది.

తాళం ఏట్లో పడింది. కుంటిపిల్ల రాణి అయిందని నూకాలు తన నోటితోనే చదువుకుంది. పాలెం పిల్లలందరూ పోటీలుపడి చదివారు. కథ నలుగురిదీ నాయనా. ఒక్కడే దాచుకుంటే తోడు వచ్చేది మనిషి కాదు.

ఇక కథ కంచి బండెక్కి వెళ్ళిపోయింది. కోనప్ప గొంతు మాత్రం చచ్చేదాకా తిరిగి రాలేదు.