వస్తాదు నడిపించిన చీటీల ఊరేగింపు

శిష్యులు ఏదడిగినా పోలినాయుడు వస్తాదు వెంటనే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. కుస్తీలు నేర్పే ఆయన తాలింఖానాలో అందరికంటే బలశాలి నూకరాజు ఒకనాడు రొమ్ము విరుచుకుని, "పేరు దాచుకుని, చాటుగా చీటీ వేసి, పైగా బహుమతి పుచ్చుకునేవాడు పిరికివాడు కాదా గురువుగారూ?" అన్నాడు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

నూకరాజు అడిగింది ఊరికే కాదు. బజార్లో బట్టలకొట్టు తగలబెట్టింది రౌడీ వీర్రాజు మనుషులు. ఆ కొట్టు అరుగుమీద పడుకున్న పాపానికి ఠాణాలో మగ్గుతున్నది రిక్షా గవరయ్య. నిజం చెబితే బహుమతి ఇస్తాం, పేరు అక్కర్లేదు అంటూ ఇనస్పెక్టరు కూడలిలో పెట్టె పెట్టించాడు. ఏం లాభం? ఎదురుగా టీకొట్టు బల్లమీద వీర్రాజు మనుషుల కాపలా! పెట్టెమీద ఈగ వాలితే ఒట్టు. పాపం, గవరయ్య పెళ్ళాం ఠాణా మెట్లమీద కూర్చుని ఏడుస్తూనే ఉంది.

మంగళవారం తాలింఖానావాళ్ళు డప్పులతో హనుమంతుడి గుడికి వెళ్ళడం ఆ పేట ఆనవాయితీ. ఈసారి వస్తాదు ముందురోజే ఇంటింటికీ ఒక కాగితం పంచాడు. "తెలిసినవాళ్ళు రాయండి. తెలియనివాళ్ళు ఉత్తదే మడిచి పట్టుకురండి. రావడం మాత్రం అందరూ రావాలి" అన్నాడు.

ఊరేగింపు గుడి దారి వదిలి కూడలికి తిరిగింది. అబ్బ, ఆ పేట నడక చూసి తీరాలి! ముందు వస్తాదు, వెనక కుర్రాళ్ళు, ఆ వెనక చంటిపిల్లల తల్లులూ ముసలివాళ్ళూను. ప్రతి చెయ్యీ పెట్టెలో ఒక కాగితం వేసింది. కాపలావాళ్ళు ఎవరినని గుర్తుపెట్టుకుంటారు? నూకరాజు వంతు వచ్చేసరికి బల్లమీంచి ఒకడు లేచి కళ్ళలోకి సూటిగా చూశాడు. నూకరాజు కాగితం కన్నం తప్పి కింద పడింది. వంగి తీసి, మళ్ళీ వేశాడు.

ఆ కాగితాల గుట్టలో ఒక్కదానిమీద నిజం ఉంది. కిరసనాయిలు ఎవరు తెచ్చారో, డబ్బా ఏ నూతిలో పారేశారో, అంతా ఉంది. నూతిలో డబ్బా దొరికింది. వీర్రాజు లోపలికి, గవరయ్య బయటికి! పేట పేటంతా మీసం మెలేసింది. చీటీమీద వేసిన గుర్తు చెప్పి ఎవరో బహుమతి కూడా పుచ్చుకున్నారు. ఎవరన్నది ఇనస్పెక్టరు పెదవి దాటలేదు.

"మనమంతా పులుల్లా వెళ్ళాం గురువుగారూ! ఆ రాసినవాడే ఇంకా దాక్కున్నాడు" అన్నాడు నూకరాజు.

వస్తాదు అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"మణుగు గుండు ఎత్తేవాడివి, ఉత్త కాగితానికే నీ చెయ్యి వణికింది గదరా. రాసిన కాగితం ఎంత బరువుండి ఉంటుందంటావు?"