నూట అరవై చోట్ల పుట్టి వేళలు

ఓబులేసుకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఒకచోట కూర్చోలేడు. ఫోను తీస్తాడు, మఠం వెబ్‌సైటులో ఏదో ఒక పేజీ తెరిచి అడుగుదాకా జరుపుతాడు, చూసి, ఇంకో పేజీ తెరుస్తాడు.

మఠం తుంగభద్ర మధ్య లంకలో ఉంది. వంతెన లేదు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలోనే ఏరు దాటాలి. పూర్వం దానికి తోలు బిగించేవారు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది గాని, నీళ్లలో గిరగిరా తిరగడం మాత్రం మానలేదు. ఈమధ్య ఏరు పెరిగింది. చివరి పుట్టి ఐదింటికి కాదు, మూడింటికే అని పుట్టివాళ్లు తేల్చి చెప్పారు.

వెబ్‌సైటు తయారుచేసింది ఓబులేసే. స్వామి మాటలు, తత్వాలు, ఉత్సవాల ఫొటోలు, అన్నీ కలిపి నూట అరవై పేజీలు. ప్రతి పేజీ అడుగునా దారి, ఫోను నంబరు, పుట్టి వేళలు. ఆ నాలుగు వరుసలూ నూట అరవైసార్లు విడివిడిగా పెట్టాడు. వేళ మారగానే రెండు రోజులు కూర్చుని అన్నిచోట్లా దిద్దాననే అనుకున్నాడు. తత్వాల పేజీ ఒకటి తప్పిపోయింది.

ఆదోని నుంచి ఒక ముసలాయన, కూతురూ ఆ పేజీయే చూసుకుని నాలుగున్నరకి రేవుకొచ్చారు. పుట్టి లేదు. చూసి చూసి, నడుం లోతే కదా అని ముసలాయన ఏట్లో దిగాడు. రేవులో బట్టలుతికేవాళ్లు చూసి లాగబట్టి బతికాడు.

ఆ కబురు తెలిసినప్పట్నుంచీ ఓబులేసుది ఇదే వరస. పైగా నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి. రేపట్నుంచి ఒంటిగంటకే ఆఖరి పుట్టి అన్నారు.

దర్శనానికొచ్చిన ఇంజనీరొకాయన ఉపాయం చెప్పాడు. ఆ నాలుగు వరుసలూ ఒక్కచోట రాసిపెడితే పేజీలన్నీ అక్కణ్ణుంచే తెచ్చుకుంటాయి, ఒక్కసారి దిద్దితే చాలునని. ఓబులేసు ఒప్పుకోలేదు. విసవిసా ఎల్లప్పస్వామి దగ్గరికి వెళ్లాడు.

"ఒక పేజీ తప్పితేనే ఒక మనిషి ఏట్లో పడ్డాడు స్వామీ. ఆ ఒక్కచోటే తప్పు రాస్తే? వచ్చినవాళ్లందరూ పడతారు. అన్నీ నా చేత్తోనే దిద్దుతా."

ఎల్లప్పస్వామి సన్యాసం పుచ్చుకోకముందు కర్నూలు వైపు పెళ్లివంటలు చేసినవాడు. వెయ్యిమందికి వండేవాడని చెప్పుకుంటారు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి, ఇవాళ పప్పుచారులో ఉప్పు వేయొద్దని సుంకమ్మతో చెప్పాడు. నా చారుకేం రోగమొచ్చిందని ఆమె గొణిగింది. స్వామి ఉప్పుగిన్నె తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు.

"ఎవరి విస్తట్లో వాళ్లకి నువ్వే వెయ్యి నాయనా."

మొదటి బంతిలో ఎనభైమంది. ఆ మఠంలో తినేటప్పుడు మాట్లాడకూడదు. ఇది చాలలేదు, అది ఎక్కువైందని చెప్పే ఆచారం లేదు. ఓబులేసు వరసంతా వంగి వంగి వేశాడు. మధ్యలో ఇద్దరు ఆలస్యంగా వచ్చి ఇరుక్కుని కూర్చున్నారు. ఒకాయన చిరిగిన ఆకు మార్చుకున్నాడు. చివరికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, ఒకామె మొహం వంకర పోతోంది. ఒకాయన గడగడా నీళ్లు తాగుతున్నాడు. మిగతావాళ్లు తలొంచుకు తింటున్నారు. వాళ్లలో ఎవరికి పడిందో ఎవరికి పడలేదో ఎలా తెలిసేది? ఓబులేసు ఒక్కొక్క విస్తరి వైపూ వంగి చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. చొక్కా తడిసిపోయింది.

రెండో బంతికి ఆకులు పడ్డాయి. స్వామి గుండిగ దగ్గరికి వెళ్లి, దోసెడు ఉప్పు చారులో వేసి, తెడ్డుతో కలిపాడు. అరచేతిలో ఒక చుక్క పోసుకుని నాకాడు. ఇంకొంచెం వేశాడు. మళ్లీ నాకి, వడ్డించమన్నట్టు తలూపాడు.

ఓబులేసు ఇంకా ఊరుకోలేకపోయాడు. "గుండిగలోనే తప్పితే అందరికీ తప్పేది కదా స్వామీ?"

"తప్పేది. అందుకే రుచి చూశాను," అన్నాడు స్వామి, చెయ్యి తుడుచుకుంటూ. "ఎనభై విస్తళ్లు చూడగలనా?"

ఓబులేసు ఉప్పుగిన్నె కింద పెట్టాడు. ఆ ఇంజనీరు ఏ గదిలో దిగాడని సుంకమ్మను అడిగాడు.